సంతకం పెట్టు చెల్లీ, అంతకంటే ముందు తమ్ముడికి ఓపీ చీటీ రాయించు

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది గుంతకల్లు. నేను అనంతపురంలో ఒక ప్రైవేటు ఆఫీసులో పనిచేస్తున్నాను. నాన్న రైల్వేలో రిటైరయ్యారు, అమ్మ లేదు. తమ్ముడు ఇక్కడే ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. మూడు నెలల కింద వాడి రూములో గంజాయి పొట్లాలు దొరికాయని పోలీసులు ముగ్గురు పిల్లల్ని తీసుకుపోయారు. మావాడి దగ్గర ఏమీ దొరకలేదని నన్ను పిలిపించి, కౌన్సెలింగ్ ఇచ్చి పంపేశారు. వాడి స్నేహితుడి మీద మాత్రం కేసు పెట్టారు. మావాడు ఇంకా మానలేదని నాకు తెలుసు. అడిగితే "అమెరికాలో ఒక్కో రాష్ట్రం దీన్ని నేరం కాదని చట్టం మార్చుకుంటా ఉంది, రేపోమాపో ఇక్కడా మారుతుంది, నువ్వు ఊరికే టెన్షన్ పడతావు" అంటాడు. న్యూజెర్సీలో ఉన్న మా బావ కూడా వాడికే వంత పాడతాడు. ఇప్పుడు వీళ్లంతా కలిసి గంజాయిని నేరాల్లోంచి తీసేయాలని ఎమ్మెల్యేకి ఇవ్వడానికి వినతిపత్రం రాసి, నన్నూ సంతకం పెట్టమంటున్నారు. పెట్టాలా? పెడితే వాణ్ని నేనే చెడగొట్టినట్టు అవుతుందా? నాన్నకు ఇప్పటిదాకా ఏమీ చెప్పలేదు. - ఒక అక్క, అనంతపురం

చెల్లీ,

సంతకం పెట్టు. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది నువ్వు స్థిమితంగా చదువుతావు. గంజాయి తాగినందుకు ఒక పిల్లవాణ్ని దొంగతనం చేసినవాడి పక్కన, కత్తి పట్టినవాడి పక్కన కోర్టు వరండాలో నిలబెట్టే పద్ధతి పోవాలని నేను గట్టిగా నమ్ముతాను. కర్నూలులో ఇరవై ఆరేళ్లుగా క్రిమినల్ కేసులు చూస్తున్నాను, అప్పుడప్పుడూ మీ అనంతపురం కోర్టుకూ వస్తుంటాను, చూసి చూసి నమ్మిన మాట ఇది. కానీ మీవాడు ఆ కాగితం అడ్డం పెట్టుకుని "రేపోమాపో మారుతుంది" అని నీ నోరు మూయిస్తున్నాడు చూడు, అక్కడ మాత్రం వాడి మాట వినొద్దు. వాడు రేపు సాయంత్రం పట్టుబడితే వాడి మీద రాసేది ఈరోజు ఉన్న చట్టమే.

ఆ చట్టం ఏమంటుందో మీ ఇద్దరికీ సరిగ్గా తెలియాలి. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం, కోర్టుల్లో అందరూ ఎన్‌డీపీఎస్ అంటారు. గంజాయి తాగినందుకు సెక్షన్ 27 కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. దగ్గర పెట్టుకుంటే సెక్షన్ 20. కిలో వరకూ ఉంటే చిన్న పరిమాణం, ఏడాది దాకా కఠిన జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కిలో దాటి 20 కిలోల లోపు ఉంటే పదేళ్ల దాకా. వాణిజ్య పరిమాణం 20 కిలోలు, అక్కడ తక్కువలో తక్కువ పదేళ్లు, ఎక్కువంటే ఇరవై. అప్పుడు బెయిల్ కూడా సెక్షన్ 37 దాటుకుని రావాలి, అంటే వీడు ఈ నేరం చేసి ఉండడని, బయటికి పోయాక మళ్లీ చేయడని జడ్జికి నమ్మకం కలిగితేనే ఇస్తారు, అది కలిగించడానికి నెలలూ ఏళ్లూ పడుతుంది.

మీ తమ్ముడిది 20 కిలోల గొడవ కాదని నాకు తెలుసు. గుంతకల్లు పిల్లోడు కాబట్టే ఈ అంకె చెబుతున్నా. విశాఖ ఏజెన్సీ వైపు నుంచి సరుకు దిగేది రైళ్లలోనే కదా, "ఒక బ్యాగు తెచ్చిపెట్టు, నీ నెల ఖర్చు నేను చూసుకుంటా" అని అడిగేది ముక్కూమొహం తెలియనివాణ్ని కాదు, రోజూ కొనుక్కునే ఇటువంటి కాలేజీ పిల్లలనే. చేతిలో డబ్బు ఆడనప్పుడు ఒక్క ట్రిప్పుకి ఒప్పుకుంటాడు. బ్యాగులో ఉన్నది రెండు కిలోలా, ఇరవై రెండు కిలోలా అని తూకం వేసి చూసుకునేవాణ్ని నేను ఇంతవరకూ చూడలేదు.

ఇక చిన్న పరిమాణం అన్న మాట. జేబులో పది గ్రాములు పెట్టుకుని తాగేవాడూ, సంచిలో తొమ్మిది వందల గ్రాములు పెట్టుకుని కాలేజీ గేటు దగ్గర పొట్లాలు కట్టి అమ్మేవాడూ ఈ చట్టానికి ఒకే గడిలోకి వస్తారు. నాకు ఈ చట్టంలో అన్నిటికంటే అన్యాయంగా కనిపించేది ఇదే.

ఒక కేసు చెబుతాను, పేరు చెప్పను. పత్తికొండ వైపు పిల్లవాడు, పందొమ్మిదేళ్లు, తల్లి టమాటా మార్కెట్లో గంపలు మోస్తుంది. పంచనామాలో రాసింది 40 గ్రాములు. ఆ పొట్లం నాకింకా కళ్లముందే ఉంది: గోధుమరంగు కవరు, అంచుల మీద ఎర్రటి లక్క ముద్రలు, లోపల పాత పేపరు ముక్కలో చుట్టిన ఎండు మొగ్గలు, పిడికెడుంటాయేమో. తల్లి స్టీలు డబ్బాలో ఉగ్గాని పెట్టుకొచ్చింది. తోడొచ్చిన కానిస్టేబుల్ మంచివాడు, పక్కకు పోయి తినమన్నాడు. పిల్లవాడు మూత తీసి, మళ్లీ పెట్టేసి, డబ్బాను రెండు చేతులా పట్టుకుని అట్లే నిలబడ్డాడు, పిలుపు వచ్చేదాకా. తల్లి నన్ను అడిగింది ఒకటే: "ఎట్ల చేస్తే బిరీన అయిపోతాదమ్మా?" వాయిదాకు వచ్చిన ప్రతిసారీ ఆమెకు ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు ఇద్దరివీ పోతాయి. ఒప్పేసుకుంటే జరిమానాతో తేలిపోతుందని అందరూ అన్నారు, నేనూ అన్నాను. ఒప్పుకున్నాడు. 5,000 కట్టి సాయంత్రం బస్సుకు ఊరికి పోయారు. రెండేళ్ల తర్వాత ఆ పిల్లవాడు నా ఆఫీసుకు వచ్చాడు, చేతిలో ఉద్యోగం వెరిఫికేషన్ ఫారం. "ఎప్పుడైనా కోర్టులో శిక్ష పడిందా" అన్న గడి మీద వేలు పెట్టి "ఇక్కడ ఏం రాయాల మేడమ్" అన్నాడు. అబద్ధం రాయమని నేను చెప్పలేను. నిజమే రాశాడు, ఉద్యోగం రాలేదు.

ఆ కేసులో నా తప్పు ఉంది, అది నీకు చెప్పడానికే ఇదంతా రాస్తున్నా. అదే చట్టంలో 64ఏ అని ఒక సెక్షన్ ఉంది. మత్తుకు బానిసైనవాడు, తాగిన కేసులోనో చిన్న పరిమాణం కేసులోనో ఇరుక్కున్నవాడు, తనంతట తానే ముందుకొచ్చి ప్రభుత్వ ఆసుపత్రిలోనో ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనో మాన్పించే చికిత్స చేయించుకుంటే, వాడి మీద ఆ కేసు నడపకూడదు. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. సెక్షన్ 39 కూడా ఉంది, దోషి అని తేలాక సైతం శిక్ష వేయకుండా చికిత్సకు పంపే వీలు కోర్టుకు ఇస్తుంది. ఆ పిల్లవాడు పొద్దున లేస్తే అదే ధ్యాసగా ఉండేవాడని తల్లే నాకు చెప్పింది. అయినా నేను 64ఏ కింద దరఖాస్తు వేయలేదు, బిరీన అయిపోవాలన్న ఆమె మాటకు తలూపాను. పట్టుకున్నవాళ్లు చెప్పలేదు, విచారణలో ఎవరూ అడగలేదు, కానీ చెప్పాల్సినదాన్ని నేను. అప్పటినుంచి ఇటువంటి కేసు నా దగ్గరికి వస్తే ముందుగా అడిగేది ఎఫ్ఐఆర్ కాపీ కాదు, ఆసుపత్రి చీటీ ఉందా అని.

అయితే ఈ తలుపు బానిసైనవాడికే తెరుచుకుంటుంది. నెలకోసారి స్నేహితులతో కూర్చుని తాగే పిల్లవాడు, ఇంకా అలవాటు ముదరనివాడు, 64ఏ అడగాలంటే నేను బానిసను అని రుజువు తెచ్చుకోవాలి. ఎక్కువ మునిగినవాడికి దారి ఉంది, కాళ్లు తడిసినవాడికి లేదు. దీన్ని ఏ లాయరూ సరిచేయలేడు, చట్టమే మారాలి. అందుకే సంతకం పెట్టమన్నాను.

ఇప్పుడు మీ బావ మాట. ఆయన చెప్పింది అబద్ధం కాదు, సగం చెప్పాడు. న్యూజెర్సీలో 2020 నవంబరులో ఓటర్లే ఒప్పుకున్నారు, 2021 ఫిబ్రవరిలో చట్టమైంది, 2022 ఏప్రిల్ నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లకు దుకాణాల్లో అమ్ముతున్నారు. ఇది అమ్మకానికి అనుమతి. నేరాల్లోంచి తీసేయడం వేరే సంగతి. ఆరెగాన్ 1973లోనే చేసింది అది, అమెరికాలో అదే మొదటి రాష్ట్రం: కొద్దిగా దగ్గరుంటే జైలు లేదు, ట్రాఫిక్ చలానా మాదిరి జరిమానా కట్టి పోవడమే. మసాచుసెట్స్‌లో 2008లో ఓటు పెట్టి, ఒక ఔన్సు, అంటే మన లెక్కలో 28 గ్రాములు, అంతవరకూ ఉంటే 100 డాలర్ల జరిమానాతో సరిపెట్టారు, క్రిమినల్ రికార్డు పడదు. అమ్మడం అప్పటికి అక్కడ నేరంగానే ఉంది. మీ పిల్లలు రాసిన కాగితంలో ఈ రెండూ కలగాపులగం అయి ఉంటాయని నా అనుమానం. చదివి చూడు. ఎమ్మెల్యే దగ్గర "గంజాయి షాపులు పెట్టమంటున్నారు" అన్న మాట ఒక్కటి పుట్టిందంటే ఇక ఆ కాగితం ఎవరూ చదవరు.

అక్కడ రాష్ట్రాలకు అది ఎట్లా సాధ్యమైందంటే, ప్రతి రాష్ట్రానికీ సొంత శిక్షాచట్టం ఉంది, వీధిలో పట్టుకునేది కూడా ఎక్కువగా రాష్ట్రం పోలీసులు, ఊరి పోలీసులు. రాష్ట్రం తన పుస్తకంలోంచి ఆ నేరాన్ని కొట్టేస్తే పట్టుకునే చేయి లేకుండా పోతుంది. కేంద్రం చేసిన 1970 నాటి చట్టం మాత్రం దేశం మొత్తానికీ అట్లాగే నిలిచి ఉంది. మన పిల్లలకు దెబ్బ తగిలేది అక్కడే. స్టూడెంట్ వీసా మీద ఉన్నా, హెచ్-1బీ మీద ఉన్నా, ఇమిగ్రేషన్ వాళ్లు చూసేది ఆ కేంద్ర చట్టాన్నే, న్యూజెర్సీ ఏం అనుమతించిందో వాళ్లకు పట్టదు. ఇక్కడ కాన్సులేట్‌కు పోయే ముందు నింపే ఫారంలోనే మాదకద్రవ్యాల చట్టం ఎప్పుడైనా ఉల్లంఘించారా, వాటికి బానిసగా ఉన్నారా అని సూటిగా అడుగుతారు. తమ్ముడికి ఎంఎస్ ఆలోచన ఉంటే ఈ సంగతి బావనే కనుక్కుని చెప్పమను. ఆయన నోటితో వింటే వాడికి ఎక్కుతుంది.

అదే ఆరెగాన్‌లో ఇంకో పాఠం ఉంది, దాన్ని మనవాళ్లు చెప్పరు. 2020లో ఓటు పెట్టి హెరాయిన్ లాంటివాటిని కూడా కొద్దిగా ఉంటే నేరం కాదన్నారు. శిక్ష వెంటనే పోయింది, చికిత్స కేంద్రాలు మాత్రం అంత తొందరగా రాలేదు. జనం విసిగిపోయారు, 2024లో మళ్లీ నేరంగా మార్చేశారు. గంజాయి జోలికి పోలేదు గానీ, మిగతాదంతా వెనక్కి వచ్చింది. పోర్చుగల్ 2001లో చేసినప్పుడు రెండూ కలిపి చేసింది. పదిరోజుల వాడకానికి సరిపడేంత లోపు ఉంటే క్రిమినల్ కేసు ఉండదు, కానీ ఒక కమిటీ ముందుకు పోయి కూర్చోవాలి, వాళ్లు మాట్లాడి చికిత్స అవసరమా, జరిమానా చాలా, ఊరికే వదిలేయాలా అని తేలుస్తారు. నాకు మన దగ్గర కావాలనిపించేది అది.

మన అసెంబ్లీ చేయగలదా అంటే, ఎన్‌డీపీఎస్ పార్లమెంటు చేసిన చట్టం, శ్రీకాకుళానికైనా శ్రీనగర్‌కైనా ఒకటే. కాకపోతే రాజ్యాంగంలో మందులు, విషాలు అన్నవి ఉమ్మడి జాబితాలో 19వ అంశం, అంటే రాష్ట్రం కూడా చట్టం చేయవచ్చు. కేంద్ర చట్టానికి అడ్డం పోయే మాట అందులో ఉంటే 254వ అధికరణం రెండో క్లాజు ప్రకారం రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకోవాలి, తెచ్చుకుంటే ఆ రాష్ట్రం వరకూ అదే చెల్లుతుంది. ఢిల్లీ ఒప్పుకోకుండా జరిగేది కాదు, ఒప్పుకున్నా పార్లమెంటు తర్వాత మార్చవచ్చు. సిక్కిం 2006లోనే సొంత మాదకద్రవ్యాల చట్టం పెట్టుకుంది, మందుబిళ్లల బెడద ఎక్కువై, 2018లో దాన్ని సవరించి అమ్మేవాళ్లను ఒకవైపు, వాడేవాళ్లను చికిత్స వైపు వేరుచేసుకుంది. చిన్న రాష్ట్రం, కొండల్లో, చేసింది కదా. ఉత్తరాఖండ్, హిమాచల్ పేర్లు మీ కాగితంలో ఉంటే తీసేయమను. అక్కడ నడుస్తున్నది నార కోసం, విత్తనాల కోసం, మందుల తయారీ కోసం సాగు గురించి. ఉత్తరాఖండ్ 2018లో అనుమతించిన పంటలో మత్తు పదార్థం 0.3 శాతం లోపే ఉండాలి. దానికీ మీ రూములో పొట్లానికీ సంబంధం లేదు.

ఢిల్లీలో కూడా ఇది కొత్త మాట కాదు. 2016లో పటియాలా ఎంపీ ధరమ్‌వీర గాంధీ ఎన్‌డీపీఎస్‌ను సవరించాలని ప్రైవేటు బిల్లు తెచ్చారు. 2021లో కేంద్ర సామాజిక న్యాయ శాఖే సొంత వాడకానికి కొద్దిగా పెట్టుకోవడాన్ని నేరాల్లోంచి తీసేయమని సిఫారసు చేసింది. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితిలో గంజాయిని అత్యంత ప్రమాదకరమైనవాటి జాబితా నుంచి తప్పించాలా అని ఓటు పెడితే 27 దేశాలు సరేనన్నాయి, 25 వద్దన్నాయి, సరేనన్నవాటిలో మన దేశం ఉంది. ఇంకా వెనక్కి పోతే, మన జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో దత్తమండలాలుగా ఉన్న రోజుల్లో, 1893లో బ్రిటిష్ ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది. వాళ్లు దేశమంతా తిరిగి వెయ్యిమందికి పైగా సాక్షులను విచారించి, మితంగా వాడితే పెద్ద హాని కనిపించలేదు, పూర్తిగా నిషేధించొద్దు, పన్ను వేసి అదుపులో పెట్టండి అని రాశారు. ఆ పద్ధతే 1985 దాకా నడిచింది. ఇప్పటికీ ఎన్‌డీపీఎస్‌లో గంజాయి అంటే పూత మొగ్గలే, విడిగా ఉన్న ఆకు అందులోకి రాదు, అందుకే కాశీలో భంగు దుకాణాలు నడుస్తున్నాయి. ఇవన్నీ వినతిపత్రంలో రెండు వాక్యాల్లో రాయవచ్చు.

నిషేధం మీద నాకున్న ఇంకో అనుభవం గంజాయిది కాదు, సారాది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో మొదలుపెట్టిన పోరాటం మా ఆదోని దాకా పాకింది, మా పిన్ని కూడా చీపురు పట్టుకుని సారా అంగడి ముందు కూర్చుంది, ఆమె ఏడుపు నిజం, ఆమె గెలుపు నిజం. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. నేను అప్పుడు డిగ్రీలో ఉన్నాను. బళ్లారి నుంచి వచ్చే బస్సు ఆదోనిలో ఆగితే తనిఖీ, గంపల అడుగున సీసాలు, పాల క్యాన్లలో సీసాలు. దొరికిందల్లా కూలికి మోసుకొచ్చినవాళ్లే. రెండేళ్లు దాటగానే, 1997లో, ఎత్తేశారు. మా పిన్ని మొగుడు ఆ రెండేళ్లూ తాగుతూనే ఉన్నాడు, ధర పెరిగింది కాబట్టి ఇంటికి ఇంకా తక్కువ తెచ్చాడు. ఆయన్ని మానిపించే ఏర్పాటు ఎక్కడా లేదు, ఆసుపత్రిలో అడిగితే నవ్వేవాళ్లట. గంజాయి విషయంలో నేను ఇంత పట్టుగా మాట్లాడడానికి ఆ ఇల్లు కూడా కారణం.

ఇంత చెప్పాను కదా అని మీవాడు ఈ సమాధానం చూపించి "చూడు, లాయరమ్మే మంచిదంటోంది" అంటాడేమో, అందుకే ఇది కూడా చదివించు. నేను మంచిదనలేదు. మత్తుపదార్థాల మీద 2019లో వచ్చిన జాతీయ సర్వే లెక్క ప్రకారం గంజాయి రకాల వల్ల ఇబ్బందిపడి సాయం అవసరమైనవాళ్లు మన దేశంలో 72 లక్షల మంది. ఇరవై ఏళ్ల వయసులో మెదడు ఇంకా ఎదుగుతూనే ఉంటుంది, ఆ వయసులో రోజూ తాగితే జ్ఞాపకం, చదువు మీద పట్టు దెబ్బతింటాయి, కొందరికి పిచ్చి భ్రమలు మొదలవుతాయి, ఇంట్లో ఇదివరకు ఎవరికైనా మానసిక జబ్బు ఉంటే ఆ భయం ఇంకా ఎక్కువ. నువ్వు గమనించాల్సింది ఒకటుంది. వాడు రాత్రంతా మేల్కొని, పగలు తలుపు వేసుకుని, ఎవరో తన గురించి మాట్లాడుకుంటున్నారని అనుమానపడుతున్నాడా? అట్లా ఉంటే ఒక్క రోజు కూడా ఆగొద్దు, వెంటనే మానసిక డాక్టరు దగ్గరికి తీసుకుపో. అట్లాంటిదేమీ లేదు, తాగకపోతే చిరాకు, నిద్ర పట్టదు, అన్నం సహించదు అంటే అది మానేటప్పుడు వచ్చే బాధ, కొన్ని రోజులు ఉండి తగ్గుతుంది, దానికీ డాక్టరు సాయం చేస్తారు.

జబ్బా, తప్పా అని నీలో నువ్వు నలుగుతున్నట్టు ఉత్తరంలోనే తెలుస్తోంది. వాడి ఒంటికి అవుతున్నది జబ్బు. నీకు అబద్ధాలు చెప్పడం తప్పు. రెండిటికీ జైలు మందు కాదు.

నాన్నకు చెప్పు. ఆసుపత్రికి పోయే ముందే చెప్పు. రైల్వేలో అంతకాలం చేసిన మనిషి, స్టేషన్లో గంజాయి బ్యాగులతో పట్టుబడ్డవాళ్లను చూసే ఉంటారు, ఆయన కంటికి మీవాడు వెంటనే ఆ బ్యాచ్‌లో కనిపిస్తాడు. "తులసివనంలో గంజాయి మొక్క మొలిచిందే" అని రెండు రోజులు తిండి మానేస్తారు. మానేయనీ. గుంతకల్లులో ఎవరో టీ అంగడి దగ్గర చెప్పగా వినేకంటే నీ నోటితో వినడం ఆయనకు గౌరవం. కాలేజీ ఫీజు కట్టేది ఆయనే కాబట్టి, తెలుసుకునే హక్కు కూడా ఉంది.

వినతిపత్రం తిరగరాయించు. షాపులు, అమెరికా, స్వేచ్ఛ అన్న మాటలు పక్కన పెట్టి, సొంత వాడకానికి దగ్గరున్న కొన్ని గ్రాములకు క్రిమినల్ కేసు లేకుండా, అమ్మేవాడికీ తాగేవాడికీ తేడా పెడుతూ రాష్ట్రం ఒక సవరణ తయారుచేసి రాష్ట్రపతి ఆమోదానికి పంపాలని అడగండి. దానికి ఏళ్లు పడుతుంది. అందుకని, ఢిల్లీ ముఖం చూడకుండా రేపే చేయగలిగినవి కూడా అడగండి: పట్టుబడిన ప్రతి పిల్లవాడికీ 64ఏ గురించి తెలుగులో రాసిన కాగితం స్టేషన్లోనే ఇవ్వాలి, జిల్లా ఆసుపత్రుల్లో మత్తు మాన్పించే పడకలు, డాక్టర్లు పెంచాలి, చికిత్సకు పోయిన పిల్లవాణ్ని కాలేజీ నుంచి తీసేయకూడదు. ఇవి ఏ ఎమ్మెల్యే అయినా భయపడకుండా చదవగలిగిన మాటలు.

ఇంకో మాట కటువుగా అడుగుతాను. ఆ కాగితం మీద సంతకాలు పెట్టిన పిల్లల్లో ఎంతమంది కేసు పడిన స్నేహితుడి వాయిదాకు పోయారు? వాడికి లాయరు ఉన్నాడో లేదో ఎవరైనా అడిగారా? లేకపోతే 15100కి ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా లాయరును పెట్టుకునే దారి చెబుతారు. అన్నిటికంటే ముందు, వాణ్ని తొందరపడి ఒప్పేసుకోవద్దని చెప్పండి. నేను చేసిన తప్పు వాడి లాయరు చేయకూడదు.

ఫోన్ నంబర్ల విషయంలో జాగ్రత్త. మన రాష్ట్రంలో గంజాయి, మత్తుమందుల మీద నిఘా పెట్టే ఈగల్ పోలీసులది 1972, అది సమాచారం ఇవ్వడానికి. మానడానికి సాయం కావాలంటే 14446, మనసు బాగాలేక మాట్లాడాలంటే 14416. మీవాడు తనంతట తానే చేస్తే మంచిది, నువ్వు చేసినా పలుకుతారు. చికిత్స సంగతి బయటికి పొక్కుతుందని వాడు భయపడితే, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆ వివరాలు గోప్యంగా ఉంచాల్సిందేనని చెప్పు. ఎప్పుడైనా పోలీసులు ఒళ్లు తనిఖీ చేయాలంటే గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో చేయమని అడిగే హక్కు సెక్షన్ 50 ఇస్తుంది, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు, దాని మీద గొడవపడొద్దు కూడా, లాయరుకు ఫోన్ చేయమను చాలు.

సోమవారం ఆఫీసుకు ఒక పూట సెలవు పెట్టు. తమ్ముడి ఆధార్ కార్డు పట్టుకుని పొద్దున్నే సర్వజన ఆసుపత్రికి పో, ఓపీ కౌంటర్లో మానసిక వైద్య విభాగానికి చీటీ రాయించు. డాక్టరుకు ఎంతకాలంగా తాగుతున్నాడో, రోజుకు ఎంతో వాడి నోటితోనే చెప్పించు, నువ్వు పక్కన కూర్చుని సర్దిచెప్పొద్దు. చీటీ మీద తేదీ, ముద్ర పడ్డాయో లేదో అక్కడే చూసుకో, మళ్లీ రమ్మన్న ప్రతిసారీ పోయి రాయించుకో, అన్నీ ఒక ఫైల్లో పెట్టు. ఆ కేసు పడిన స్నేహితుడికి కూడా ఆదివారమే ఫోన్ చేసి రమ్మను, ఆటోలో ముగ్గురూ పడతారు.